‘చరిత్రలో ఈ రోజు’ బల్ల రాయడం ఎలా? ఆగస్టు 29 ఉదాహరణగా

బడిలో ప్రార్థన సమయంలో చదవడానికో, గ్రంథాలయం గోడ మీది నల్లబల్లకో, కాలనీ వాట్సాప్ గ్రూపుకో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను తయారుచేసేవారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఉదయాన్నే ఎక్కడో కనబడిన జాబితాను ఎత్తి రాసేస్తారు. ఆ జాబితాలోని తప్పు కూడా దానితోపాటే నడిచివస్తుంది, మరుసటి ఏడాది ఇంకొకరి చేతికి వెళుతుంది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఈ బల్ల రాసే పని కొన్నేళ్లుగా నాది. ఈ పనిలో సంఘటనలు దొరకక ఎవరూ ఇబ్బంది పడరు. సంఘటన పక్కన ఉన్న తేదీ అసలు దేనికి తేదీయో తేల్చుకోవడం దగ్గరే చిక్కంతా ఉంటుంది. పని జరిగిన రోజా, దాన్ని లోకానికి ప్రకటించిన రోజా, పత్రికలో అచ్చయిన రోజా, ఏ దేశపు గడియారాన్ని బట్టి, ఏ క్యాలెండరును బట్టి అన్న ప్రశ్నలు వేసుకుని రాసిన వాక్యం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ పద్ధతిని చెప్పడానికి ఆగస్టు 29ని తీసుకుంటున్నాను. తెలుగువారికి అది భాషా దినోత్సవం, దేశానికి క్రీడా దినోత్సవం, క్రికెట్‌కు ఒక చావు కబురుకు కారణమైన రోజు.

మొదట చేయవలసిన పని

రోజుకొక కార్డు పెట్టుకోండి. అట్టముక్క అయినా, ఫోనులో ఒక ఫైలు అయినా ఫరవాలేదు. పైన నెల, తేదీ మాత్రమే రాయాలి. కనబడిన ప్రతి సంఘటనను దాని మీద పెన్సిల్‌తో రాసి, పక్కన ఎక్కడ చూశారో రెండు ముక్కల్లో గుర్తు పెట్టుకోవాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల అదే తేదీ కనబడిన తర్వాతే పెన్సిల్ రాతను పెన్నుతో దిద్దాలి. ఒకే జాబితా నుంచి ఎత్తిరాసిన పది వెబ్‌సైట్లు పది సాక్ష్యాలు కావు, అవి పదిసార్లు పలికిన ఒకే సాక్ష్యం.

అంకెల్లో తేదీ కనబడితే నెల పేరును అక్షరాల్లోకి మార్చుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. అమెరికావారు నెలను ముందు వేస్తారు, మనం రోజును ముందు వేస్తాం. ఆగస్టు 29 విషయంలో ఇరవై తొమ్మిదో నెల లేదు కనుక గండం లేదు. కానీ 9/8 అని కనబడితే అది ఆగస్టు 9 కావచ్చు, సెప్టెంబరు 8 కావచ్చు.

తేదీ దేనిది?

మైకేల్ ఫారడేతో మొదలుపెడదాం. 1831 ఆగస్టు 29న ఆయన తన ప్రయోగాల దినచర్యలో ఒక మెత్తని ఇనుప కడియం గురించి రాసుకున్నారు. దాని మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, వెలుపలి వ్యాసం ఆరు అంగుళాలు. ఆ కడియానికి ఒకవైపు ఒక తీగచుట్టను, రెండోవైపు ఇంకొక తీగచుట్టను చుట్టి, మొదటిదాన్ని బ్యాటరీకి కలిపినప్పుడు, విడదీసినప్పుడు రెండో చుట్టకు తగిలించిన తీగ దగ్గర అయస్కాంత సూచి కదలడం ఆయన గమనించారు. బ్యాటరీ కలిపి ఉంచినంతసేపూ సూచి నిశ్చలంగానే ఉంది. కలిపే క్షణంలోనూ తెంచే క్షణంలోనూ మాత్రమే ఊగింది. ఇలా అయస్కాంత ప్రభావం మారినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టడాన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. నేటి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ కడియమే మూలరూపం. అయితే ఈ విషయాన్ని వివరించే పత్రాన్ని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ ముందు చదివింది అదే ఏడాది నవంబరు 24న. కాబట్టి ‘ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను ప్రకటించిన రోజు’ అని ఆగస్టు 29న రాస్తే తప్పు, ‘ప్రయోగం చేసిన రోజు’ అని రాస్తే ఒప్పు. వాక్యంలో మారేది ఒక్క క్రియే, కానీ తేదీ నిజమా అబద్ధమా అన్నది ఆ క్రియ మీదే ఆధారపడి ఉంది.

రెండో ప్రశ్న గడియారానిది. 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబును కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ పరీక్షా క్షేత్రంలో పేల్చింది. అక్కడ అప్పుడు ఉదయం 7 గంటలు, వాషింగ్టన్‌లో ఇంకా 28వ తేదీ రాత్రి. ఇటువంటి చోట సంఘటన జరిగిన నేల మీది తేదీనే తీసుకోవాలని ఒక నియమం పెట్టుకుని, దాన్ని ఎన్నడూ తప్పకుండా ఉండటం మంచిది. ఈ సంఘటనకు ఇంకో కొస కూడా ఉంది. అదే పరీక్షా క్షేత్రాన్ని 1991లో సరిగ్గా ఆగస్టు 29ననే మూసివేశారు, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఈ తేదీని అణుపరీక్షల వ్యతిరేక అంతర్జాతీయ దినంగా నిర్ణయించింది. ఆ తీర్మానం జరిగింది మాత్రం 2009 డిసెంబరు 2న. ‘అంతర్జాతీయ దినం’ అన్న మాట కనబడగానే దాన్ని ఎప్పుడు నిర్ణయించారు, ఎందుకు ఆ తేదీని ఎంచుకున్నారు అని రెండు ప్రశ్నలు వేసుకుంటే ఇలాంటి కథ ఒకటి తరచూ బయటపడుతుంది. బల్ల ముందు నిలబడే పాఠకుడికి దినోత్సవం పేరు కంటే ఆ కథే గుర్తుంటుంది.

క్యాలెండరు చిక్కు మూడోది. తత్వవేత్త జాన్ లాక్ 1632 ఆగస్టు 29న పుట్టారని పుస్తకాలన్నీ రాస్తాయి. అది అప్పటి ఇంగ్లండ్ వాడిన పాత జూలియన్ క్యాలెండరు తేదీ, ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 8 అవుతుంది. ఇంగ్లండ్ కొత్త క్యాలెండరుకు మారింది 1752లో. అంతకు ముందటి ఇంగ్లండ్ తేదీ కార్డు మీద ఉంటే పక్కన ‘పాత లెక్క’ అని రాసుకోండి. దక్షిణ అమెరికాలోని ఇన్కా పాలకుడు అతావాల్పాను స్పెయిన్ వారు చంపింది 1533 ఆగస్టు 29న అని పాత పుస్తకాలు, వాటిని చూసి రాసిన జాబితాలు ఇప్పటికీ చెబుతాయి. చరిత్రకారులు చాలామంది ఇప్పుడు దాన్ని జులై 26గా సరిదిద్దుకున్నారు. నా కార్డు మీద ఆ పేరు ఉంది, అడ్డంగా గీత కూడా ఉంది. చెరిపేయకుండా కొట్టివేసి ఉంచడం ఎందుకంటే, చెరిపేస్తే మరుసటి ఏడాది నేనే దాన్ని ఎక్కడో మళ్లీ చూసి కొత్తది దొరికిందని సంబరపడతాను.

మన దగ్గర ఇంకొక తేడా ఉంది. పాతకాలపు మహనీయులను మనం తిథిని బట్టి తలుచుకుంటాం. అన్నమయ్య జయంతి వైశాఖ పూర్ణిమ, వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి. వీటికి ఇంగ్లిషు తేదీ ఏటా మారిపోతుంది. కాబట్టి వాటిని తేదీ కార్డుల్లో ఇరికించకుండా తిథులకు వేరే కట్ట పెట్టుకుని, ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి వచ్చిన రోజునే ఆ ఏటి తేదీలు వేసుకోవాలి.

గిడుగు వారి రోజు

తెలుగు పాఠకుల కోసం రాసేవారు ఆగస్టు 29న మొదటి పంక్తిని గిడుగు వెంకట రామమూర్తికి ఇవ్వడం న్యాయం. ఆయన 1863లో ఈ తేదీన వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాషను వారి దగ్గరే నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పాఠ్యపుస్తకాలు జనం మాట్లాడుకునే శిష్టవ్యావహారికంలో ఉండాలని పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన జయంతినే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. తెలంగాణ ప్రభుత్వం కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవాన్ని జరుపుతుంది, ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఈ మూడింటి పేర్లూ తరచూ ఒకదాని మీదకి ఒకటి వచ్చిపడతాయి కనుక పేరును పూర్తిగా రాయాలి. రెండోది ఊరి పేరు. పర్వతాలపేటను ‘నేటి శ్రీకాకుళం జిల్లాలోని’ అనడం సరైనదే. ‘శ్రీకాకుళం జిల్లాలో పుట్టారు’ అని మాత్రం రాయకూడదు, ఎందుకంటే 1863లో ఆ జిల్లాయే లేదు, ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టిన అలహాబాదు ఇప్పుడు ప్రయాగ్‌రాజ్, నటుడు అక్కినేని నాగార్జున 1959లో ఇదే తేదీన పుట్టిన మద్రాసు ఇప్పుడు చెన్నై. నాటి పేరు వేసి, అవసరమైతే ‘నేటి’ అని ఇంకో పేరు చేర్చడం నేను పాటించే పద్ధతి.

ఆటల పంక్తులు

ఆటల విషయంలో నా చేతులు ఒకసారి కాలాయి. 1882 ఆగస్టు 29 అని వేసి, ‘ఇంగ్లండ్ క్రికెట్ మరణించిందని లండన్ పత్రిక సంతాప ప్రకటన అచ్చువేసిన రోజు’ అని బల్ల మీద రాశాను. పత్రికలు చదవడానికి రోజూ వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు చాలాసేపు బల్ల ముందు నిలబడి, కళ్లజోడు సవరించుకుని, “ఏమండీ, పోయింది 29న, కబురు వేసింది 2న. మీరు దినం ఎప్పుడు పెడతారు?” అని అడిగారు. ఆయన మాటే నిజం. లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మ్యాచ్ 28న మొదలై 29న ముగిసింది. ‘స్పోర్టింగ్ టైమ్స్’లో ఆ ఎగతాళి ప్రకటన వచ్చింది సెప్టెంబరు 2న. ఇంగ్లండ్ క్రికెట్ ఆగస్టు 29న ఓవల్‌లో మరణించిందనీ, శవాన్ని దహనం చేసి బూడిదను ఆస్ట్రేలియాకు తీసుకువెళతారనీ అందులో రాశారు. ఈ రెండు జట్ల టెస్టు పోటీలకు యాషెస్ అన్న పేరు ఆ బూడిద నుంచే వచ్చింది. నేను ప్రకటనలోని తేదీని ప్రకటన వచ్చిన తేదీగా పొరబడ్డాను. ఆయన ఎదుటే తుడిచి మళ్లీ రాశాను.

తుడిచి రాసిన వాక్యానికి మ్యాచ్ వివరాలే తగినంత సరుకు ఇచ్చాయి. ఆస్ట్రేలియా మొదట 63కే కుప్పకూలింది, ఇంగ్లండ్ 101 చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 122 చేయడంతో ఇంగ్లండ్‌కు 85 పరుగులు కావలసి వచ్చాయి, అంత చిన్న లెక్క ముందు ఆ జట్టు 77కే ముగిసి 7 పరుగుల తేడాతో ఓడింది. ఆస్ట్రేలియా బౌలర్ ఫ్రెడ్ స్పోఫర్త్ రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 90 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు. 85, 77, 7 అన్న మూడు అంకెలు ఉంటే చాలు, క్రికెట్ తెలిసిన పిల్లవాడు మిగతా కథను తనంతట తానే ఊహించుకుంటాడు. పరుగుల పట్టికంతా బల్లకు ఎక్కించనక్కరలేదు. టెస్టు మ్యాచ్‌ల వంటి రోజుల తరబడి సాగే ఆటలకు, ఫలితం తేలిన రోజునే తేదీగా తీసుకోవాలన్నది ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం.

జాతీయ క్రీడా దినోత్సవానికి మూలం మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి. ఆయన 1905లో పుట్టారు, 1979 డిసెంబరు 3న మరణించారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలెస్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్లలో ఆయన ఉన్నారు. బెర్లిన్ ఫైనల్లో జర్మనీపై భారత్ 8–1తో గెలిచిందన్న దాంట్లో భేదాభిప్రాయం లేదు. అందులో ఆయన గోల్స్ మాత్రం ఒకచోట మూడని, ఇంకొకచోట ఆరని కనబడతాయి. అలాంటప్పుడు తగాదా ఉన్న అంకెను వదిలేసి తగాదా లేని 8–1ను రాస్తే సరిపోతుంది. కర్రలో అయస్కాంతం ఉందేమోనని అనుమానించి విరిచి చూశారన్న కథ, హిట్లర్ ఉద్యోగం ఇస్తానన్నాడన్న కథ కూడా ఏటా ఈ రోజున ఊరంతా తిరుగుతాయి. వినడానికి బాగుంటాయి, ‘అని చెప్పుకుంటారు’ అన్న రెండు మాటలు చేర్చే చోటుంటేనే వాటిని రాయాలి, లేకుంటే వదిలేయాలి.

ఈ రోజున క్రీడా పురస్కారాలు ఇస్తారు కదా అని ‘ప్రతి ఏటా ఆగస్టు 29న’ అని రాసేవారున్నారు. అది సంప్రదాయమే అయినా తప్పిన ఏళ్లున్నాయి. 2021 పురస్కారాలు నవంబరు 13న, 2022వి నవంబరు 30న ఇచ్చారు. మనకు పనికొచ్చే గట్టి తేదీ 2016 ఆగస్టు 29. రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచి వచ్చిన పి.వి. సింధుతోపాటు సాక్షి మలిక్, దీపా కర్మాకర్, జీతూ రాయ్‌లకు రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆ రోజు దేశపు అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్‌రత్న అందజేశారు. దాన్ని ‘ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్న’ అని రాస్తే కాలం తప్పినట్టే. పురస్కారం పేరు రాజీవ్‌గాంధీ నుంచి ధ్యాన్‌చంద్‌కు మారింది 2021 ఆగస్టు 6న.

2021 ఆగస్టు 29 మనవారికి తీపీ చేదూ కలిసిన రోజు. టోక్యో పారాలింపిక్స్‌లో భవీనా పటేల్ టేబుల్ టెన్నిస్‌లో రజతం గెలిచింది, పారాలింపిక్స్‌లో ఆ ఆటలో భారత్‌కు అదే తొలి పతకం. హైజంప్‌లో నిషాద్ కుమార్ 2.06 మీటర్లు దూకి ఇంకో రజతం తెచ్చాడు. డిస్కస్ త్రోలో కాంస్యం కూడా వచ్చిందన్న వార్త అదే రోజు వెలువడింది. కానీ వైకల్య వర్గీకరణపై అభ్యంతరం రావడంతో ఆ ఫలితాన్ని ఆపివేసి, మరుసటి రోజు ఆ ఆటగాణ్ని ఆ విభాగానికి అనర్హుడిగా తేల్చారు. ఆ పూట వచ్చిన వార్తను మాత్రమే చూసి రాసేవారి బల్ల మీద మూడు పతకాలు ఉంటాయి. ఆటల వార్తను ఆ రోజు పత్రికలో చూసినా, వారం తర్వాతి పత్రికలో ఇంకొకసారి చూడటం అందుకే.

‘ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు’ వంటి మాటలు రాయవద్దు. కార్డు వచ్చే ఏడు కూడా వాడతాం, ఈలోగా ఎవరో దాన్ని దాటేసి ఉంటారు. ‘అప్పటికి అదే అత్యధికం’ అంటే ఎప్పటికీ తప్పు కాదు.

పుట్టినరోజు, జయంతి, వర్ధంతి

జీవించి ఉన్నవారికి పుట్టినరోజు, లేనివారికి జయంతి. ఈ చిన్న తేడా తప్పితే ఇంటిల్లిపాదీ నొచ్చుకుంటారు, కనుక జీవించి ఉన్నవారి పేర్లను ప్రతి ఏటా ముందురోజు సాయంత్రం మరోసారి చూసుకోవాలి. ఆగస్టు 29న నాగార్జున పుట్టినరోజూ, 2018లో నల్లగొండ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో మరణించిన నందమూరి హరికృష్ణ వర్ధంతీ ఒకే బల్ల మీదకి వస్తాయి. శుభాకాంక్షల కింద సంతాపం పడకుండా మధ్యలో ఇంకో రెండు పంక్తులైనా ఉంచడం మర్యాద. పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్ (1958) జయంతి కూడా ఈ రోజే. యువకులు ఎక్కువగా వచ్చే చోటైతే ఆ పేరు వేయవచ్చు.

ఎన్నో జయంతి అన్న లెక్కకు ఈ ఏటి నుంచి పుట్టిన ఏడును తీసివేస్తే చాలు. పేచీ వచ్చేది ‘శతజయంతి’ దగ్గర. ఎన్.టి. రామారావు 1923 మే 28న పుట్టారు. శతజయంతి ఉత్సవాలు 2022 మే 28న మొదలయ్యాయి, నూరేళ్లు నిండింది 2023 మే 28న. ఉత్సవాల ప్రారంభాన్ని చూసి ఆ రోజే నూరేళ్లు నిండాయని రాసినవారు చాలామంది.

ఎంపిక, కూర్పు

కార్డు మీద పాతిక పేర్లుంటే బల్ల మీదకి ఏడుకు మించి రానివ్వకండి. మా పాఠకులకు సంబంధం ఉన్నది, వారికి తెలియనిది, పిల్లలు ఇంటికి వెళ్లి చెప్పగలిగినది అన్న మూడింటిలో కనీసం ఒకటైనా ఉండాలని చూస్తాను. యుద్ధాలు, ప్రమాదాలు, మరణాలు మాత్రమే దొరికే తేదీలూ ఉంటాయి, ఆ రోజుల్లో ఒక ప్రయోగాన్నో ఒక ఆటనో కష్టపడి వెతకాలి. సంవత్సరాన్ని ముందు వేసి, ఒక్కొక్క సంఘటనకు ఒక్కటే పూర్తి వాక్యం రాసి, పైకి చదివి చూసుకోవాలి. ఊపిరి మధ్యలో ఆగితే వాక్యాన్ని తగ్గించాలి. చివరిసారి నేను రాసిన బల్ల ఇది:

నేడు తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం.
1831: ఇనుప కడియానికి తీగలు చుట్టి ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణ ప్రయోగం చేశారు.
1863: వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి వంశధార ఒడ్డున పర్వతాలపేటలో జన్మించారు.
1882: ఓవల్‌లో 85 పరుగులు చేయవలసిన ఇంగ్లండ్ 77కే ముగిసి ఆస్ట్రేలియా చేతిలో ఓడింది, యాషెస్ పేరుకు ఇదే మూలం.
1905: హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ అలహాబాదులో జన్మించారు.
1991: తొలి సోవియట్ అణుపరీక్ష 1949లో ఇదే తేదీన జరిగిన సెమిపలాటిన్‌స్క్ క్షేత్రాన్ని మూసివేశారు.
2016: పి.వి. సింధు రాష్ట్రపతి చేతుల మీదుగా ఖేల్‌రత్న అందుకున్నారు.
2021: భవీనా పటేల్ పారాలింపిక్స్ టేబుల్ టెన్నిస్‌లో భారత్‌కు తొలి పతకం తెచ్చారు.

రాసిన తర్వాత లెక్కపెడితే దినోత్సవాల పంక్తి కాక ఏడు వచ్చాయి. సినిమావారికి చోటు దొరకలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే, కింద ఖాళీ ఉంటే నాగార్జున పేరు వేసేవాడిని.

బల్ల తుడిచే ముందు దాన్ని ఫోనులో ఫొటో తీసి, ఎవరైనా చెప్పిన దిద్దుబాటును అదే రోజు కార్డు మీదకి ఎక్కించాలి. ఆ పని రేపటికి వాయిదా పడితే తప్పు ఇంకో ఏడాది బతుకుతుంది. కార్డు మూలన రాబోయే పెద్ద లెక్కలను వేసి ఉంచుకుంటే ముందునుంచే సన్నాహం చేసుకోవచ్చు. ధ్యాన్‌చంద్ 125వ జయంతి 2030లో, ఫారడే ప్రయోగానికి రెండు వందల ఏళ్లు 2031లో, ఓవల్ మ్యాచ్‌కు నూటయాభై ఏళ్లు 2032లో వస్తాయి. ఫారడే రోజున బల్లతో సరిపెట్టకుండా, ఒక ఇనుప రింగు, కొంచెం రాగి తీగ, ఒక బ్యాటరీ, ఒక దిక్సూచి బల్ల పక్కన బల్లపీట మీద పెట్టి పిల్లల చేత సూచిని కదిలించాలని నా కార్డు మూలన రాసిపెట్టి ఉంది.